744తో ముగిసే ఆ సంఖ్య పూర్ణాంకం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. డిసెంబర్ 22 జాతీయ గణిత దినోత్సవానికి మీ చెన్నై అనుబంధంలో రామానుజన్ మీద వేసిన పేజీలో ఒక బాక్స్ ఐటమ్ ఉంది. ఆధారం ‘ఈ’ (సుమారు 2.718), ఘాతాంకం పై×√163 అయిన సంఖ్య కచ్చితంగా 262537412640768744 అనే పూర్ణాంకమనీ, రామానుజన్ ఊహించిన ఈ సంగతిని ఇప్పుడు కంప్యూటర్ నిరూపించిందనీ అందులో రాశారు. పక్కన కంప్యూటర్ తెర బొమ్మ కూడా వేశారు. ఆ సంఖ్య పూర్ణాంకం కాదు. రామానుజన్ అలా అననూ లేదు. తెర మీద ఆ అంకెలు కనబడిన మాట మాత్రం నిజమే. చిక్కంతా అక్కడే ఉంది కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, మన్నించండి.

ముందు రామానుజన్ సంగతి. 163తో వచ్చే ఈ వింతను ఫ్రెంచి గణితజ్ఞుడు హెర్మీట్ 1859లోనే గమనించాడు. రామానుజన్ 1914 వ్యాసంలో ఉన్నవి 22, 37, 58. వాటిలో √58తో వచ్చే విలువను ఆయన 24591257751.99999982 అని దశాంశాలతో సహా రాశారు. పూర్ణాంకానికి దగ్గర అన్నారు గాని పూర్ణాంకం అనలేదు. 163 కథను ఆయనకు అంటగట్టింది 1975 ఏప్రిల్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ వేసిన ఏప్రిల్ ఫూల్ వేళాకోళం. యాభై ఏళ్లవుతున్నా ఆ వేళాకోళం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇక అంకెల సంగతి. సరైన విలువ 262537412640768743.99999999999925007 అని మొదలవుతుంది. బిందువుకు ముందు 18 అంకెలు, తర్వాత వరసగా 12 తొమ్మిదులు. 25 అంకెలే అడిగితే సాఫ్ట్‌వేర్ చివరి అంకెను సవరించి 744 పక్కన ఏడు సున్నాలు పెట్టి ఇస్తుంది. అది అబద్ధం చెప్పలేదు, అడిగినంత మేరకే చెప్పింది. మీ బొమ్మలో జరిగింది ఇదే అయ్యుండాలి.

ఫోన్ కాలిక్యులేటర్‌లోనో, ఎక్సెల్‌లోనో, మామూలు పైథాన్‌లోనో ప్రయత్నిస్తే పరిస్థితి ఇంకా ఇబ్బంది. వీటిలో ఎక్కువ భాగం వాడే డబుల్ అనే రకంలో అసలైన సమాచారానికి 53 బిట్ల చోటే ఉంటుంది. ఇంత పెద్ద సంఖ్యల దగ్గర, అంటే 2^57కూ 2^58కీ మధ్య (^ గుర్తు ఘాతానికి), ఆ రకంలో పట్టేవి 32 గుణిజాలు మాత్రమే. మీరు అచ్చేసిన 744తో ముగిసే సంఖ్యను 32తో భాగిస్తే శేషం 8 వస్తుంది. అంటే దశాంశ భాగం మాట దేవుడెరుగు, ఆ పూర్ణాంకమే అందులో ఇమడదు. ఎక్సెల్ 15 అంకెలు చూపించి మిగతా చోట్ల సున్నాలు పెడుతుంది.

పారీ/జీపీ అనే సంఖ్యాసిద్ధాంత సాఫ్ట్‌వేర్‌లో అయితే తెరిచిన వెంటనే 38 అంకెల లెక్క ఉంటుంది కాబట్టి అక్కడ 743.99999999999925007260 అని నేరుగా కనబడుతుంది. సేజ్ అనే మరో గణిత సాఫ్ట్‌వేర్‌లో 40 అంకెలు అడగాలి. ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. వర్గమూలాన్ని 163^0.5 అని రాస్తే, ఆ 0.5 దశాంశం కాబట్టి లెక్క అప్పుడే 53 బిట్లకు కుదించుకుపోతుంది. ఆ తర్వాత నలభై కాదు, నాలుగు వందల అంకెలు అడిగినా పదహారో అంకె దాటాక వచ్చేదానికి విలువ లేదు. పారీలోనూ అంతే. √163ను 38 అంకెలతో ఒక పేరులో దాచుకుని, తర్వాత ప్రెసిషన్‌ను (ఎన్ని అంకెల దాకా లెక్కించాలన్నదాన్ని) 100కు పెంచితే ఆ దాచిన సంఖ్య పెరగదు. ప్రెసిషన్ ముందు పెంచాలి, లెక్క మొదటి నుంచీ మళ్లీ చెయ్యాలి. 38తో ఒకసారి, 76తో ఒకసారి చేసి, రెండింటిలో కలిసిన అంకెలనే నమ్మడం మోటు పద్ధతే గాని పని జరుగుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే సేజ్‌లో అంతరాల లెక్క ఉంది. అది ఒక్క సంఖ్యను ఇవ్వదు, జవాబు ఈ రెండింటి మధ్య ఉందని ఇస్తుంది. తెలియని అంకె దగ్గర ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ ప్రశ్నార్థకం మీ బొమ్మలో ఉండి ఉంటే బాక్స్ ఐటమ్ రాసినవారు ఆగేవారు.

ఒక్క సవరణతో ఊరుకోకుండా ఇంత రాయడానికి కారణం ఉంది. తరమణిలోను, సిరుసేరిలోను, గిండీ చుట్టుపక్కల కాలేజీల్లోను సంఖ్యాసిద్ధాంతం చదివే తెలుగు పిల్లలు తక్కువేం కాదు. ప్రాజెక్టు పనిలో జవాబు తేడాగా వచ్చిందంటే వాళ్ల నోట మొదట వచ్చే మాట ‘సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉంది’. జవాబు అందంగా వస్తే అదే నోటితో ‘కంప్యూటర్ నిరూపించింది’. రెండూ తొందరపాటే.

బగ్ అనుకునేవాటిలో సింహభాగం అడిగిన తీరులో ఉంటుంది. సేజ్ ప్రాంప్ట్ (ఆదేశాలు కొట్టే వరస) దగ్గర 2^10 అంటే 1024 వస్తుంది. అదే వరసను పైథాన్ ఫైలులో పెట్టి నడిపితే 8 వస్తుంది. ప్రాంప్ట్ దగ్గర మనం కొట్టినదాన్ని సేజ్ ముందుగా తన భాషలోకి మార్చుకుంటుంది, పైథాన్ ఫైలుకు ఆ మార్పు ఉండదు. పైథాన్‌లో టోపీ గుర్తు(^)కు ఘాతమని అర్థం లేదు. అది బిట్లను పక్కపక్కన పెట్టి తేడా ఉన్నచోట 1 వేసే క్రియ: 0010, 1010 కలిసి 1000, అంటే 8. (ఆ టోపీని ఎగరగొట్టి 10^15ను 1015గా అచ్చేసే అలవాటు మన పత్రికలకూ ఉంది. అది వేరే ఉత్తరం.) భాగహారమూ ఇంతే. 1 నుంచి 6 వరకు సంఖ్యల విలోమాలు (1/1, 1/2, … 1/6) కూడితే ప్రాంప్ట్ దగ్గర 49/20 అని భిన్నం వస్తుంది, పైథాన్ ఫైలులో 2.45 చుట్టూ ఒక దశాంశం వస్తుంది. వోల్‌స్టెన్‌హోమ్ సిద్ధాంతం ప్రకారం 7 అనే ప్రధాన సంఖ్యకు ఆ లవం 7 వర్గంతో భాగింపబడాలి, 49 అలాగే ఉంది. దశాంశంలో లవమే లేదు, ఇక దేన్ని భాగిస్తాం? అందుకని 2020 జనవరిలో సేజ్ 9.0 పైథాన్ 3కు మారకముందు రాసిన పాత ఫైళ్లు ఎవరైనా ఇస్తే, ఒక్కో భాగహారాన్నీ విడిగా చూసుకోవాలి. అప్పట్లో రెండు పైథాన్ పూర్ణాంకాల భాగహారం దశాంశం కూడా ఇచ్చేది కాదు, కింది పూర్ణాంకానికి కోసేసేది.

పేర్లు చెరిపేసుకోవడం మరో రోగం. పారీలో పొద్దున ఎప్పుడో ఎక్స్‌కు 5 అని విలువ ఇచ్చి మరిచిపోతాం. సాయంత్రం ఎక్స్^2+1తో సంఖ్యాక్షేత్రం (భిన్నాలకు ఒక సమీకరణం మూలాన్ని చేర్చి కట్టే సంఖ్యల గుంపు) కట్టమంటే అది 26తో కట్టమన్నట్టు చదువుకుని రకం తప్పు అంటుంది. ఎక్స్ ముందు ఒంటి కోట్ గుర్తు పెడితే విలువను కాకుండా అక్షరాన్నే తీసుకుంటుంది. సేజ్‌లో ‘ఐ’ అక్షరాన్ని లూపు కోసం వాడితే ఊహా సంఖ్య (√-1) పోతుంది, పెద్ద ‘ఎన్’ వాడితే దశాంశ విలువ ఇచ్చే ఫంక్షన్ పోతుంది. రీస్టోర్ అనే ఆదేశంతో తిరిగి తెచ్చుకోవచ్చు. ఏదైనా వింత కనిపిస్తే ముందు సాఫ్ట్‌వేర్ మూసేసి కొత్తగా తెరిచి, ఆ ఒక్క లెక్కే చెయ్యండి. సగం బగ్‌లు అక్కడే మాయమవుతాయి.

వర్గమూలం విషయంలో అనుభవజ్ఞులు కూడా దెబ్బతింటారు, కాబట్టి దీన్ని అంకెలతో చూపిస్తాం. 4503599761588224 తీసుకోండి. ఇది 67108865 వర్గం కంటే సరిగ్గా ఒకటి తక్కువ, కనక దీని వర్గమూలంలో పూర్ణాంక భాగం 67108864 కావాలి. పైథాన్‌లో మామూలు వర్గమూలం తీసి దశాంశం కొట్టేస్తే 67108865 వస్తుంది. అసలు విలువ 67108865 కంటే సుమారు 2^27లో ఒక వంతు తక్కువ. ఆ ప్రాంతంలో డబుల్ రకం సంఖ్యల మధ్య ఎడం 2^26లో ఒక వంతు. అంటే విలువ దాదాపు రెండు మెట్ల నట్టనడుమ, వెంట్రుకవాసి పై మెట్టు వైపు పడింది. సవరణలో పైకి వెళ్లిపోయింది. కారణాంక విభజన ప్రోగ్రాంలో ఇలాంటి వర్గమూలం ఒక్కటి ఉంటే చాలు, చిన్న సంఖ్యలన్నిటికీ సరైన జవాబిచ్చి, పదహారు అంకెల దగ్గర ఒకానొక సంఖ్యకు తప్పు చెబుతుంది. అలాంటి తప్పును పరీక్షల్లో పట్టుకోవడం మహా కష్టం. పైథాన్ 3.8 నుంచి పూర్ణాంక వర్గమూలానికి ఐఎస్‌క్యూఆర్‌టీ అనే ఫంక్షన్ విడిగా ఉంది, పారీలో ఎస్‌క్యూఆర్‌టీఇంట్ ఉంది. పూర్ణాంకాల లెక్కలోకి దశాంశాన్ని రానివ్వకపోతే ఈ గొడవే ఉండదు.

నంపై అనే పైథాన్ లెక్కల ప్యాకేజీతో ఇంకో రకం నష్టం. అందులో పూర్ణాంకానికి 64 బిట్లే. 20 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 20 వరకు సంఖ్యల లబ్ధం) పడుతుంది, 21 ఫ్యాక్టోరియల్ అడిగితే -4249290049419214848 వస్తుంది. రుణ సంఖ్య వచ్చింది కాబట్టి కనిపెడతాం. పరిధి దాటి చుట్టూ తిరిగి ధన సంఖ్యగా తేలితే ఎవరు చూడొచ్చారు?

రామానుజన్ పేజీ కాబట్టి ఆయన టౌ ఫంక్షన్‌తోనే పరీక్ష ఎలా పెట్టాలో చెబుతాం. (1-క్యూ)^24×(1-క్యూ^2)^24×(1-క్యూ^3)^24… అనే అనంత లబ్ధాన్ని విస్తరిస్తే వరసగా వచ్చే గుణకాలే టౌ(1), టౌ(2), టౌ(3)… అవి 1, -24, 252, -1472, 4830, -6048 అని నడుస్తాయి. ఆ గుణకాలను పైథాన్ జాబితాలో వేస్తే మొదటి గడి సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి -24 ఒకటో గడిలో ఉంటుంది. కాని అది టౌ(2). పారీ జాబితా 1 నుంచి మొదలవుతుంది కాబట్టి అక్కడ గడి సంఖ్యా, టౌ సంఖ్యా కలుస్తాయి. ఒకచోట రాసిన ప్రోగ్రాంను ఇంకోచోటికి మార్చేటప్పుడు అంతా ఒక గడి జరిగిపోతుంది, చూపుకు ఏమీ తేడా ఉండదు. పట్టుకునే సాధనం 691. ‘పీ’ అనే ప్రధాన సంఖ్యకు, 1 + పీ^11 లోంచి టౌ(పీ) తీసేస్తే మిగిలేది 691తో భాగింపబడాలి. 2కు చూడండి: 2049 + 24 = 2073, అది 691కి మూడు రెట్లు. 3కు: 177148 - 252 = 176896, అది 691×256. గడి జరిగిపోయి 252ను టౌ(2) అనుకుంటే 2049 - 252 = 1797, శేషం 415. దొంగ దొరికాడు. దీనికి తోడు టౌ(2)×టౌ(3) టౌ(6)కు సమానం కావాలి: -24×252 = -6048. టౌ(4) కావాలంటే 576లోంచి 2048 తీసెయ్యాలి: -1472. ఈ మూడు పరీక్షలకు ఐదు నిమిషాలు చాలు.

నంపైతో టౌ లెక్కించేవారికి ఒక చిన్న మాట. మధ్యలో 64 బిట్లు దాటి తిరిగినా ఫరవాలేదు. కూడికలు, తీసివేతలు, గుణకారాలే కాబట్టి అంతా 2^64 శేషాల లెక్క, చివరి విలువ ఆ పరిధిలో ఉంటే సరిగానే వస్తుంది. ‘పీ’ అనే ప్రధాన సంఖ్యకు టౌ(పీ) పరిమాణం 2×పీ^5.5 దాటదని బెల్జియం గణితజ్ఞుడు డెలీన్ నిరూపించాడు. ఆ లెక్కన పీ సుమారు 2,470 దాటాక భరోసా పోతుంది. అక్కడి నుంచి పెద్ద పూర్ణాంకాలు వాడక తప్పదు.

ఇంతా చెప్పి సాఫ్ట్‌వేర్ పవిత్రమైనదని అనడం లేదు. 1994లో జంట ప్రధాన సంఖ్యల (తేడా 2 ఉన్నవి) విలోమాలు కూడుతున్న అమెరికా ప్రొఫెసర్ థామస్ నైస్‌లీకి 824633702441 దగ్గర తేడా కనబడింది. తరచి చూస్తే పెంటియమ్ చిప్ భాగహారంలోనే లోపం తేలింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాల్సింది, ఆ చిప్ మీద 1.33374 వచ్చేది. ఇంటెల్ దానికోసం 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. 2014లో ముగ్గురు స్పెయిన్ గణితజ్ఞులు అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో రాసింది ఇంకా కళ్లు తెరిపించేది. 14 అడ్డు వరసలు, 14 నిలువు వరసలున్న మాత్రికలో (మ్యాట్రిక్స్) పెద్ద పూర్ణాంకాలు వేసి ఒక పేరున్న వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను నిర్ధారకం (డిటర్మినెంట్) అడిగితే తప్పు వచ్చింది. అదే మాత్రికను రెండోసారి అడిగితే వేరే జవాబు వచ్చింది. అలాంటి చోట పరీక్ష సులభమే. మూలకాలన్నిటినీ 10007 లాంటి ప్రధాన సంఖ్యతో భాగించి శేషాలతోనే నిర్ధారకం కట్టండి. పెద్ద జవాబును అదే 10007తో భాగిస్తే ఆ శేషమే రావాలి. రాకపోతే తప్పు ఖాయం. వస్తే ఇంకో రెండు ప్రధాన సంఖ్యలతో చూడండి.

‘రెండు సాఫ్ట్‌వేర్లలో చూశాం, ఒకటే వచ్చింది’ అన్న ధీమా గురించి కూడా చెప్పాలి. సేజ్‌లో సంఖ్యాక్షేత్రాల పని చాలావరకు లోపల పారీయే చేస్తుంది. అక్కడా ఇక్కడా అడగడమంటే ఒకే మనిషిని ముందు గుమ్మంలో ఒకసారి, పెరటి గుమ్మంలో ఒకసారి అడగడం. క్లాస్ నంబర్ (ఒక సంఖ్యాక్షేత్రంలో కారణాంక విభజన ఒకే తీరుగా ఉండటానికి ఎంత దూరమో చెప్పే సంఖ్య, 1 అయితే ఒకే తీరు) విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. పారీలో బీఎన్ఎఫ్‌ఇనిట్ అనే ఆదేశం ఇచ్చే జవాబు, ఇంకా నిరూపణ కాని సాధారణీకరించిన రీమన్ పరికల్పన నిజమనుకుని ఇచ్చేది. ఆ షరతు తీసెయ్యాలంటే బీఎన్ఎఫ్‌సర్టిఫై నడపాలి. సేజ్ మామూలుగా ఆ ధ్రువీకరణ కూడా చేసే తీరుతుంది, అందుకే కొన్ని క్షేత్రాల దగ్గర గంటల తరబడి కదలదు. అది హ్యాంగ్ కాదు. ప్రూఫ్ అనే మీటను ఫాల్స్ చేస్తే క్షణాల్లో వస్తుంది, కాని వచ్చినదాన్ని ప్రాజెక్టు రిపోర్టులో ‘నిరూపితం’ అని రాయకూడదు. కారణాంకాలూ అంతే. పారీలో ఫ్యాక్టర్ అనే ఆదేశం ఇచ్చే పెద్ద ప్రధాన సంఖ్యలు మామూలుగా ఒక సంభావ్య పరీక్ష నెగ్గినవి మాత్రమే. 2^64 లోపు ఆ పరీక్ష పొరబడదని తేలింది, పైన కూడా ఇంతవరకు పొరబడిన దాఖలా లేదు. అయినా రుజువు కావాలంటే ఫ్యాక్టర్‌_ప్రూవెన్ అనే సెట్టింగును 1 చేసుకోవాలి.

నిజంగా వేరే దారిలో సరిచూడటం ఎలా ఉంటుందో 23తో చూద్దాం. √-23 చేర్చిన క్షేత్రానికి క్లాస్ నంబర్ 3 అంటుంది పారీ. 1 నుంచి 22 వరకు వర్గ శేషాలు (వర్గాలను 23తో భాగిస్తే వచ్చే శేషాలు) ఇవి: 1, 2, 3, 4, 6, 8, 9, 12, 13, 16, 18. వీటి మొత్తం 92. మిగిలిన పదకొండింటి మొత్తం 161. తేడా 69, 23తో భాగిస్తే 3. డిరిష్లే సూత్రం ఇది, నాలుగుతో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్యలకు, 3ను మినహాయించి, పనిచేస్తుంది. ఇందులో పారీ చెయ్యి లేదు, పరికల్పన లేదు, బస్సులో కూర్చుని కాగితం మీద చేసుకోవచ్చు. 163కు ఇదే చేస్తే 1 వస్తుంది. మొదట చెప్పిన సంఖ్య పూర్ణాంకానికి అంత దగ్గరగా జరగడానికి కారణమూ ఆ ఒకటే.

ఇన్ని వడపోతలు దాటాక కూడా తప్పు నిలబడితే అప్పుడది బగ్, దాన్ని తయారుచేసినవారికి చెప్పాలి. ఫోన్‌తో తెర ఫోటో తీసి పంపకండి, అక్షరాలు కాపీ చేసి పంపండి. వెర్షన్ సంఖ్య, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రెసిషన్ రాయండి. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే యాదృచ్ఛిక విత్తనాన్ని (సాఫ్ట్‌వేర్ యాదృచ్ఛిక సంఖ్యలను మొదలుపెట్టే సంఖ్యను) స్థిరం చెయ్యండి: పారీలో సెట్‌రాండ్, సేజ్‌లో సెట్_రాండమ్_సీడ్. ఇన్‌పుట్‌ను సగం చేసుకుంటూ, తప్పు ఇంకా వచ్చే అతి చిన్న లెక్క దాకా దిగండి. రెండు వందల వరసల ప్రోగ్రాం పంపితే ఎవరూ చదవరు, మూడు వరసలది పంపితే ఆ రోజే చూస్తారు. లైనక్స్ ప్యాకేజీల్లో వచ్చేది తరచు పాత వెర్షన్, కొత్తదాంట్లో ఈపాటికే సరిచేసి ఉండొచ్చు, అదీ చూడండి. పారీలో ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ అని వస్తే మాత్రం కంగారు వద్దు. మెమరీలో మొదట ఇచ్చే చోటు 80 లక్షల బైట్లే, పారీసైజ్‌మ్యాక్స్ పెంచితే సరిపోతుంది.

మీ పత్రికను కోరేది ఇంతే. సవరణ వేసేటప్పుడు ‘సుమారుగా’ అన్న మాటతో సరిపెట్టకండి. 262537412640768743.99999999999925007 అని పన్నెండు తొమ్మిదులూ లెక్కపెట్టి వెయ్యండి, కాలమ్ పట్టకపోతే రెండు వరసలుగా విరవండి. బొమ్మ మళ్లీ వేస్తే ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని అంకెలకు లెక్కించారు అన్నది దాని కింద రాయండి. హెర్మీట్ పేరు కూడా పడితే సంతోషం.

ఇట్లు,
సంఖ్యాసిద్ధాంతం, గణన రంగాల్లో పనిచేసే కొందరు తెలుగువాళ్లం,
తరమణి, చెన్నై